ఉప్పు కలిపిన కూర

సాలమోను మాస్టారికి కొడుకును నలుగురికీ చూపించుకోవడమంటే మహా సరదా. ఒకప్పుడు వాడి పేరెత్తితే తల దించుకున్న మనిషి మరి! డెబ్భై ఆరులో, పద్నాలుగేళ్ల దానం కూర బాగాలేదని కంచం తీసి తండ్రి మీదికి విసిరాడు. ఆ వారమే వాణ్ణి విశాఖపట్నం అవతల, పిల్లల్ని దారిలో పెడతామనే ఒక హోంలో చేర్పించి వచ్చారు. "మేం కొట్టం, తిట్టం. మంచి మార్కు పడితే అన్నం, చెడ్డ మార్కు పడితే పస్తు, అంతేనండి," అన్నాడు అక్కడి వార్డెన్.

రెండేళ్లకు బంగారంలాంటి కొడుకు తిరిగొచ్చాడు. కన్నతల్లిని కూడా 'మీరు' అనే బంగారం! తినమంటే తింటాడు, లెమ్మంటే లేస్తాడు, అనకపోతే లేదు. ఇరవై దాటినా అంతే. ఊరంతా మెచ్చుకుంటుంటే తల్లి ఎలీసమ్మకు కడుపు రగిలిపోయేది. నా పిల్లాణ్ణి అక్కడే ఉంచేసుకుని ఎవణ్ణో పంపారు అనుకునేది.

ఒక ఆదివారం అల్లవరం నుంచి సాలమోను బావ బుల్లబ్బాయి భోజనానికి వచ్చాడు. అతని కొడుకు రాంబాబు బడి ఎగ్గొట్టి సినిమాలకు తిరుగుతున్నాడట. హోంలో వెయ్యాలా వద్దా అన్నది దానాన్ని చూసి తేల్చుకుంటాడట.

తను వద్దంటే వినే మగాళ్లు కారని ఎలీసమ్మకు తెలుసు. దానం మళ్లీ ఒక్కసారి కంచం విసిరితే చాలు, ఆ రాంబాబు బతికిపోతాడు. చింతచిగురు రొయ్యలు విడిగా ఒక గిన్నెలోకి తీసి, గుప్పెడు ఉప్పు పోసి కలిపింది. అది తెచ్చి దానానికి వడ్డించింది. విసరరా నాయనా, అని లోలోపలే బతిమాలుకుంది.

మొదటి ముద్దకే దానం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో ముద్ద కలిపాడు. కంచం ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు.

"ఎలా ఉందిరా?" అంది.

"బాగుందండి."

ఎలీసమ్మకు ఒళ్లు మండిపోయింది. గిన్నెలో మిగిలింది తెచ్చి బుల్లబ్బాయి కంచంలో వేసింది. "కాస్త రుచి చూడండి అన్నయ్యగారూ. వాడు తిన్నది ఇదే."

బుల్లబ్బాయి నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే పెరట్లోకి పరుగెత్తి ఉమ్మేశాడు. నోరు పుక్కిలించి వచ్చి దానం వైపు అలా చూస్తూ నిలబడ్డాడు. ఇతనికి అర్థమైంది దేవుడా, అనుకుంది ఎలీసమ్మ.

"ఇదంతా తినేసేడా! కిక్కురుమనకుండా!" అన్నాడతను. "బావగారూ, ఆ హోం వాళ్లకి దణ్ణం పెట్టాలండి. రేపే తీసుకెళ్లిపోతాను మావాణ్ణి."

"ఆయ్, మరేమనుకున్నారు!" అన్నాడు సాలమోను, మొహం వెలిగిపోతుండగా.

ఇద్దరూ చేతులు కడుక్కుని అరుగు మీదికి వెళ్లిపోయారు. లెమ్మని ఎవరూ అనలేదు కనుక దానం ఎంగిలి చేత్తో అక్కడే కూర్చున్నాడు. ఎలీసమ్మ మంచినీళ్ల చెంబు తెచ్చి ముందు పెట్టింది. వాడు దానికేసి చూస్తున్నాడే తప్ప ముట్టుకోలేదు.

"తాగరా," అంది ఏడుస్తూ.

అప్పుడు చెంబెత్తి, చెంబెడు నీళ్లూ గడగడా తాగేశాడు.