నాలుగో పేరు

"సముద్రం ఎక్కడికీ పోదుగానీ, ముందు ఆ వంకాయలు వేయించు," అన్నాడు రమాజ్ భుజాన తువ్వాలు వేసుకుంటూ.

ప్రతి ఆగస్టులోనూ అదే మాట. నిజమే, సముద్రం ఎక్కడికీ పోలేదు. అతని భార్య మక్వాలా కూడా ఎక్కడికీ పోలేదు, కొబులేతి అనే ఈ సముద్రపుటూళ్ళో అద్దె వంటింట్లోనే ఉంది. జుజునా అనే ముసలావిడ ఇల్లు ఇది. రమాజ్ వాళ్ళు అతను పుట్టకముందు నుంచీ వేసవికి ఇక్కడే దిగుతారు. గుమ్మం దాటితే రోడ్డు, రోడ్డు దాటితే పైన్ చెట్లు, వాటి వెనకే గులకరాళ్ళు, నీళ్ళు. వంకాయలు వేగే చప్పుడు ఆగితే అల చప్పుడు వినపడుతుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ నీళ్ళు ఆమెకి మోకాళ్ళ పైకి తగల్లేదు. పుట్టినూరి ఏట్లో మగపిల్లల్ని దాటేసి ఈదిన మనిషి. ఏడాదంతా ఆసుపత్రిలో రోగుల దుప్పట్లు ఉతుకుతుంది. సెలవు చీటీ మీద సంతకం పెడుతూ పెద్ద నర్సు, "కొబులేతికా? నీకేమమ్మా, మహారాణివి," అంది. మహారాణి ఇక్కడికొచ్చి ఆరుగురి తువ్వాళ్ళు ఉతికి ఆరేస్తోంది. ఈ ఊరి తేమకి అవి ఆరి చావవు, పొద్దునకల్లా ముక్కిన వాసన కొడతాయి.

ఈసారి దానికి తోడు నలుపు. పోయిన శరదృతువులో అత్తగారు వెనెరా పోయింది. ఏడాది తిరిగేదాకా నల్లబట్టలే కట్టాలి. రమాజ్ నలభై రోజులు గడ్డం పెంచి, నలభయ్యొకటో రోజు గీయించేసుకుని, ఊపిరాడినట్టుంది అన్నాడు. కన్నకూతురు ఇంగా మొదట నలుపు, తర్వాత బూడిదరంగు, ఇక్కడికొచ్చాక ఈత బట్టలు. "ఉప్పునీళ్ళకి నలుపు వెలిసిపోతుంది వదినా," అని నవ్వింది. "అయినా ఇంట్లో ఒక్కరైనా పద్ధతిగా ఉండకపోతే జనం ఏమనుకుంటారు? నీకు నప్పుతుంది కూడా." మక్వాలా రమాజ్‌ని అడిగింది, ఈ ఒక్కసారి నీళ్ళలో దిగుతానని. బతిమాలింది అనడమే సబబు. "అమ్మ పోయి ఏడాదన్నా కాలేదు, నీకు జలకాలాటలు కావాలా?" అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని జుట్టులోంచి సముద్రం కారుతోంది.

అత్తగారు మాత్రం ఈ వంటింటిని వదల్లేదు. ఫ్రిజ్ పక్కన పొట్టి స్టూలు ఒకటుంది, వెనెరా దాని మీదే కూర్చుని అక్రోట్లు కొట్టేది. వచ్చిన రోజే మక్వాలాకి అక్కడ ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. వీపు తిప్పితే చాలు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఉప్పు వేయబోతే చెయ్యి ఆగిపోతుంది, పక్కనుంచి ఎవరో చూస్తున్నట్టు. బతికుండగా కూడా అంతే, ఆవిడ అరవదు, ముక్కు ఎగబీలుస్తుంది. ఒక్కసారి మాత్రం, ఏ ఏడో గుర్తు లేదు, తడిచేతులతో ఈ కిటికీ దగ్గర నిలబడి, "నీళ్ళు వెచ్చగా ఉన్నాయటా?" అని అడిగింది. "నాకేం తెలుసు అత్తయ్యా, నేనూ ఇక్కడే ఉన్నాగా," అంది మక్వాలా. ఆవిడ మళ్ళీ అక్రోట్ల దగ్గరికి పోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం రమాజ్ పక్కింట్లో దిగినవాళ్ళని భోజనానికి పిలిచాడు. విందుకి పెద్ద తనే. ఎవరి పేరున ఎప్పుడు తాగాలో విందు పెద్ద చెప్పాలి, ఆ వరస తప్పకూడదు. దేవుడికి ముందు, ఊరికి తర్వాత, చాలాసేపటికి పోయినవాళ్ళకి. ఆడవాళ్ళ గ్లాసు ఎక్కడో చివర, అప్పటికి మగాళ్ళకి నాలుక మడతపడుతూ ఉంటుంది. జుజునా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. మక్వాలా ఖాచపురి రొట్టెల కోసం పిండి సాగదీసి మధ్యలో జున్ను నింపుతోంది. బయట కుర్చీలు జరిగిన చప్పుడయింది. పోయినవాళ్ళ గ్లాసు అన్నమాట, మగాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఈ వంటింట్లోంచి మన కడుపులు నింపి వెళ్ళిపోయిన మా ఇంటి ఆడవాళ్ళకి," అన్నాడు రమాజ్. గ్లాసు పైకెత్తాడు. "మా నాయనమ్మ అగ్రఫీనా. మా మేనత్త ఫత్మాన్. మా అమ్మ వెనెరా. మక్వాలా. దేవుడు వీళ్ళ ఆత్మలకి వెలుగునివ్వాలి."

"వెలుగునివ్వాలి," అన్నారందరూ.

తెరిచిన తలుపులోంచి అంతా కనపడుతోంది. రమాజ్ గ్లాసు వంచి, పోయినవాళ్ళ వంతుగా రొట్టెముక్క మీద వైన్ చుక్కలు వేశాడు. ఇంగా కళ్ళు తుడుచుకుంది. ఎవరూ తల తిప్పలేదు. రొట్టె ఆ చుక్కల్ని తాగేస్తూ నెమ్మదిగా ఎర్రబడింది.

జుజునా కత్తి కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుంది. "విన్నావా అమ్మాయ్?"

"విన్నాను."

"అయ్యో తల్లీ, ఊరుకుంటే అచ్చిరాదు. వెళ్ళి చెప్పు. ఆ రొట్టె పిట్టలకి పడేసి, నువ్వు బతికున్నావని మళ్ళీ తాగమను. పో, పిండిచేతులైతే ఏం!"

మక్వాలా వెళ్ళి బల్ల చివర నిలబడింది.

"రమాజ్, నా పేరు కలిపావు."

"ఎందులో?"

"పోయినవాళ్ళలో."

అతిథుల్లో లావుపాటాయన పగలబడి నవ్వాడు. "అలా అంటే వదినగారికి నూరేళ్ళు!"

"నోరు జారింది," అన్నాడు రమాజ్ విసుగ్గా. "వంటింటి వాళ్ళని తల్చుకుంటుంటే ఆ ఊపులో వచ్చేసింది. దానికింత రాద్ధాంతమా, నలుగురి ముందు?"

"ఎవరికీ వినపళ్ళేదా?"

"నాకు వినపడింది వదినా," అంది ఇంగా. "పోయినవాళ్ళ గ్లాసు మధ్యలో ఆపితే బాగోదు కదా. అయినా నల్లబట్టల్లో నిన్ను చూసి చూసి..." అని నాలుక కరుచుకుంది.

"ఇప్పుడు తాగు," అంది మక్వాలా. "నేను బతికున్నానని తాగు."

"ఆడవాళ్ళ గ్లాసు వస్తుందే, దాని వరసలో అది వస్తుంది. వరస చెడగొట్టి నవ్వులపాలు కమ్మంటావా? ముందా ఖాచపురి పట్రా, చల్లారితే ఎవడు తింటాడు?"

ఆమె వంటింట్లోకొచ్చింది. స్టూలు వైపు చూసింది, ఈసారి తిన్నగా. ఇన్నాళ్ళూ ఆవిడ తనని కాపలా కాస్తోందనుకుంది. అక్కడ కూర్చున్నది అత్తగారిలా లేదు, పిలుపు కోసం చూసీ చూసీ మానేసిన మనిషిలా ఉంది. బయట అందరూ లేచి నిలబడి ఆవిడకి వెలుగు కావాలని తాగారు. ఆవిడని రోడ్డు దాటించి నీళ్ళదాకా తీసుకెళ్ళడం బతికుండగా ఒక్కరికీ తట్టలేదు. ఇంకో పదేళ్ళకో పాతికేళ్ళకో ఈ స్టూలు ఎవరిదో మక్వాలాకి అర్థమైంది. పొయ్యి మండుతూనే ఉంది.

గ్యాసు కట్టేసింది. చేతులు కడుక్కుంది.

"ఎక్కడికమ్మాయ్?" అంది జుజునా.

"ఇక్కడికే."

వెనక తలుపులోంచి రోడ్డు దాటింది. గులకరాళ్ళ మీద నల్లగౌను విప్పేసి, లోపలి తెల్ల గౌనుతో నీళ్ళలోకి నడిచింది. గొడుగుల కింద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ పడుకున్నారు. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. నడుము, రొమ్ము, మెడ. కాళ్ళు నేలని వదిలాయి. ఒళ్ళు ఏమీ మర్చిపోలేదు, పుట్టినూరి ఏటినే కాదు, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో కూడా. నాలుగు బారలు వేసి వెనక్కి తిరిగేసరికి ఒడ్డున రమాజ్, చేతిలో చేతిరుమాలు, మెడంతా చెమట. అతని వెనక రోడ్డు మీద అతిథులు, ఇంగా.

"బయటికి రా! సిగ్గు లేదూ? అమ్మ పోయి ఏడాదన్నా తిరగలేదు!"

ఆమె చేతులతో నీళ్ళని మెల్లగా తోస్తూ అక్కడే తేలింది.

గొంతు తగ్గించాడు. "సరేలే, రా. అందరూ చూస్తున్నారు. ఖాచపురి పిండి అట్లాగే ఉంది, ఎవరు చేస్తారే?"

"నా పేరున తాగేశారుగా," అంది మక్వాలా, ఏ కోపమూ లేకుండా. "పోయినదాన్ని వంటింట్లోకి పిలవకు రమాజ్. అచ్చిరాదు."