చిలకపచ్చ దారం

అయిదు గుండ్లలో ఒక్కటీ నల్లగుండ్రంలో పడలేదు. అయిదూ ఎడమపక్క తెల్లకాగితం మీద, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. ఛాయాదేవి పిస్తోలు దించింది. రాష్ట్ర జట్టు ఎంపికకి ఇంకా పది నిమిషాలుంది. అందాకా ఎన్నిసార్లయినా కాల్చి గురి చూసుకోవచ్చు. ఆ తర్వాత ప్రతి గుండూ లెక్కలోకొస్తుంది.

"చెప్తి కదా," అన్నాడు వెనక కుర్చీలోంచి భర్త హేమంత్‌కుమార్. "చెయ్యి వణుకుతా ఉండాది. చపాతీలొత్తే చెయ్యి అది. పేరు తీసేయమని నేను చెప్పొస్తాలే."

కె.ఆర్.పురం అవతలున్న ఈ షూటింగ్ రేంజికి ఆయన పన్నెండేళ్లుగా వస్తున్నాడు. ఫ్లాస్కూ తువ్వాలూ మోసేది ఛాయాదేవి. ఇంటికెళ్లాక ఎంగిలి గిన్నెలు తోమి, ఆయన ఎయిర్ పిస్తోలు తుడిచేదీ ఆమే. రెండేళ్ల కిందట నవ్వులాటకి, "నువ్వూ ఒకటి కాల్చే, చూద్దాం" అన్నాడు. కాల్చింది. ఆయన నవ్వు ఆ రోజే సగమైంది.

జాకెట్లు కుట్టి కొనుక్కున్న ఈ కొత్త పిస్తోలు మొన్న గురువారం మొదటిసారి చేతికొచ్చినప్పుడు, కాసేపు కాల్చకుండా ఊరికే పట్టుకుని నిలబడింది. ఆయన పాతదానిలా మణికట్టుని కిందికి లాగలేదు. చెక్కపిడి చిన్న చేతికి చెక్కింది. బొటనవేలికో గూడు, అరచేతికో ఆసరా. ఇంట్లో వంటగట్టు అత్తగారి ఎత్తుకి కట్టింది, కుర్చీలు ఆయన నడుముకి చూసి కొన్నవి, స్కూటరు ఆయన కాళ్లకి తగ్గది. పెళ్లయ్యాక తన కొలతకి వచ్చిన వస్తువు ఇదొక్కటే. మీట మీద వేలు ఆనిందో లేదో గుండు వెళ్లిపోయింది! మొదటిది ఎటో పోయింది. గురి స్క్రూ సరిచేసుకుని కాల్చిన అయిదూ కలిసి ఒక్క చిల్లయ్యాయి. రేంజి చూసుకునే నంజప్ప ఆ కాగితాన్ని తీసుకెళ్లి గోడకంటించాడు.

పక్క వరసలో చైత్ర నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్లుంటాయి. వాళ్లమ్మ నీళ్ల సీసా పట్టుకుంటే, వాళ్ల నాన్న పిస్తోలు తుడిచి చేతికిస్తున్నాడు. చైత్ర గురువారం ఈ కొత్త పిస్తోలుని తడిమి, "ఆంటీ, ఇది నాకిచ్చేయండి" అంది. ఆ పిల్లంటే ఛాయాదేవికి కుళ్లు. పొద్దున్నే లేచి ఎవరికీ ఉప్మా కలపకుండా, ఎవరి చొక్కా ఇస్త్రీ చెయ్యకుండా నేరుగా ఇక్కడికొచ్చే ఆ చేతులంటే కుళ్లు. 'ఈ పిల్ల నా పిస్తోలుని ఏమైనా చేసిందా?' అనుకుంది.

ఈలోగా హేమంత్‌కుమార్ నంజప్ప దగ్గరికెళ్లొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఛాయాదేవి మళ్లీ కాగితం చూసింది. వణికే చేతికి గుండ్లు చెదిరిపోవాలి. ఇవి ముద్దగా ఉన్నాయి. చెయ్యి నిలకడగానే ఉంది. గురే తప్పింది.

పిస్తోలుని వెలుతురుకి తిప్పింది. గురి స్క్రూ గాడిలో సన్నటి చిలకపచ్చ దారప్పోగు చిక్కుకుని ఉంది. నిన్న పక్కింటి బేబీ అక్కకి కుట్టిన జాకెట్టు రంగు. చిక్కపేట బజారులో వెతికి వెతికి తెచ్చిన రీలు. కుట్టుమిషను సొరుగులో ఉండే చిన్న స్క్రూడ్రైవరు మొనకి ఎప్పుడూ దారాలు చుట్టుకునే ఉంటాయి. కాడుగోడిలో తన ఇంట్లో ఉన్న ఆ సొరుగు చైత్ర ఎక్కడ చూసింది? ఆ పిల్లే అయ్యుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

పోగుని గోటితో లాగి, హేమంత్‌కుమార్ ఒళ్లోని తువ్వాలు మీద పెట్టింది. నంజప్ప దగ్గర స్క్రూడ్రైవరు అడిగి స్క్రూ తిప్పుకుంది. ఒక గుండు కాల్చింది. నల్లగుండ్రం నడిమధ్య దూరింది.

"ఏమ్మా, మీ ఆయన నీ పేరు తీసేయమంటా ఉండాడే?" అన్నాడు నంజప్ప.

"నా పేరు నేను రాసిచ్చినా గదన్నా. ఉండనీ."

నంజప్ప వెళ్లిపోయాక వెనక కుర్చీ కిర్రుమంది. ఆమె తిరగలేదు. చెయ్యి చాచి, ఊపిరి సగంలో ఆపి నిలబడింది.

"నేనే తిప్పినా ఛాయా," అన్నాడు హేమంత్‌కుమార్ గొంతు తగ్గించి. "పొద్దున నువ్వు నాకు టిఫిను కడతా ఉంటే తిప్పినా. చెయ్యే వణికిందని నువ్వు నమ్ముతావనుకుంటి. పన్నెండేళ్లుగా వస్తా ఉండానే... ఆ గోడకి నా కాగితం ఒక్కటన్నా అంటించినాడా నంజప్ప?"