చేప పడలేదండి

బారెడు పొద్దెక్కింది. గుడిసె నిండా ఎండ. ఆ ఎండలో కళ్ళు తెరుచుకుని కూర్చున్న సింగయ్య, "ఏమే రత్తా, ఇంకా తెల్లారలేదా? దీపం ముట్టించు" అన్నాడు.

తట్టలో చేపలు సర్దుకుంటున్న రత్తాలు లేచి వచ్చింది. "ఏంటి మావా ఈ ఎకసెక్కాలు?" అంటూ మొగుడి మొహం ముందు చెయ్యి ఆడించింది. కళ్ళు చేతి వెంట కదల్లేదు. అంతలోనే అతను కడుపు పట్టుకుని వంగి వాంతి చేసుకున్నాడు. ఆ వాసన ఆమెకి తెలుసు. బీరువాలకి పూసే పాలిష్. తాగేవాళ్ళ కోసం తెనాలి నుంచి సీసాల్లో దొంగచాటుగా పల్లెకి వస్తోంది.

అది పందొమ్మిదివందల అరవై ఆరు ఎండాకాలం. మద్యనిషేధం వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. రత్తాలు కాపురానికొచ్చిన కొత్తలో రేపల్లెలో పెద్ద సభ పెట్టి, ఆడబిడ్డల కన్నీళ్ళు తుడవడానికే ఈ చట్టం తెచ్చామని చెప్పారు. చెప్పిన నాయకుడు ముందు తన కళ్ళు తుడుచుకున్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రత్తాలే. కల్లుపాక ఎత్తేశారు. అబద్ధమెందుకు, కొన్నాళ్ళు ఆమె సుఖపడింది కూడా. మొగుడు వేళకి ఇంటికొచ్చేవాడు, ఒంటిమీద దెబ్బ పడకుండా రోజులు గడిచాయి. తర్వాత తాగుడు దొడ్డిదారి పట్టింది. కల్లు పోయి నాటుసారా వచ్చింది. సారా బట్టీల మీద దాడులు పెరిగితే ఈ పాలిష్ వచ్చింది. ఏటా ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి ఆడబిడ్డల మీద ఇంకాస్త జాలిపడి, పోలీసుల్ని ఇంకాస్త పెంచి వెళ్ళేవాడు. పాక ఉన్నప్పుడు రత్తాలు మొగుణ్ణి చూసి భయపడేది. ఇప్పుడు మొగుడితో పాటు పోలీసుల్ని చూసీ భయపడుతోంది. ఆమెకి మిగిలిన లాభం ఇదీ.

కిందటేడు పక్కింటి మస్తాన్‌రావు ఇలాగే కడుపునొప్పితో ఆసుపత్రిలో పడ్డాడు. పెళ్ళాం ఉన్నమాట చెప్పేసింది. పోలీసులు మంచం మీంచే పట్టుకుపోయారు. అతను బాపట్లలో జైల్లో కూర్చుంటే ఇక్కడ పిల్లలు గంజికి మొహం వాచిపోయారు. అప్పట్నించీ పల్లె ఆడవాళ్ళంతా ఒకే మాట నేర్చుకున్నారు. ఆసుపత్రిలో ఎవరేమడిగినా, తిన్నది ఒంటికి సరిపడలేదన్నట్టు, చేప పడలేదండి అనాలి.

మొగుణ్ణి బస్సెక్కించి రేపల్లె చేరేదాకా రత్తాలు ఆ మాటే లోపల్లోపల అనుకుంటూ వచ్చింది. ఆసుపత్రి గదిలో అడుగు పెట్టబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. అవతలి మంచం దగ్గర, ఎవరో కొట్లాట ముద్దాయికి కాపలాగా, ఒక కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు.

డాక్టరు బ్రహ్మానందం సింగయ్య కళ్ళలో టార్చి వేసి చూశాడు. "ఏం తాగాడమ్మా?"

"ఏం తాగలేదండి. చేప పడలేదండి."

"సముద్రం మీద బతికేవాడికి చేప పడలేదా?" డాక్టరు నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా, ఇది పాలిష్ పనైతే విరుగుడుంది. ఆలస్యమయ్యేకొద్దీ చూపు పోతుంది, ఆపైన ప్రాణం పోతుంది. పాలిష్ కాకపోతే ఆ విరుగుడే ముప్పు. అందుకని నిజం చెప్పు."

"ఏం మందండి అది?"

"బ్రాందీ."

రత్తాలు ఓరకంట కానిస్టేబులు వైపు చూసింది. ఇది తనకి పన్నిన వల, సందేహం లేదు. బ్రాందీ అనగానే ఆశపడి నోరు జారితే, అదిగో, ఆ మంచం దగ్గర్నుంచి లేచొస్తాడు. సర్కారు డాక్టరు సర్కారు వద్దన్నదాన్ని పోస్తాడా ఎక్కడైనా? "మా ఆయన అలాంటివి ముట్టడండి బాబూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను" అంది.

డాక్టరు నుదురు కొట్టుకున్నాడు. సింగయ్య ఊపిరి బుసలు కొడుతోంది. చేతులు చల్లబడ్డాయి. గుడ్డివాడిలా తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకుని, "రత్తా, నన్నొదలకే" అన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. జైలుకి పోయినవాడు తిరిగొస్తాడు, వీడు ఇప్పుడు పోతే మరి రాడు అనిపించింది.

"పాలిష్ తాగాడండి!" అని అరిచేసింది. కానిస్టేబులు తలెత్తి లేచి నిలబడ్డాడు.

డాక్టరు మందుల బీరువా తీసి బ్రాందీ సీసాలోంచి కొలిచి, నీళ్ళు కలిపి గ్లాసు అందించాడు. వాసన తగలగానే సింగయ్య పళ్ళు బిగించాడు. "నాకలవాటు లేదండి బాబూ. రత్తా, ఎవరే అక్కడ? పోలీసోళ్ళా?"

"ఎవరూ లేరు మావా. తాగు."

"బూట్ల చప్పుడైందే."

ఎన్ని గ్లాసులు లాగి పారేసిందో వీడి చేతిలోంచి! ఇవాళ తాగమని బతిమాలుతుంటే ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. డాక్టరు దవడలు విడదీయబోతే తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. రత్తాలు కానిస్టేబులు వైపు ఒక్కసారి చూసింది. గ్లాసు ఎత్తి తనే ఒక గుక్క మింగింది. గొంతు భగ్గుమంది. దగ్గుకుంటూనే మొగుడి ముక్కు దగ్గర ఊపిరి వదిలింది.

"చూడు, నేనూ తాగాను. పోలీసుంటే తాగుతానా?"

"నువ్వా!" అని సింగయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఆమె గ్లాసంతా ఒంపేసింది. అతను మింగాడు.

"ప్రాణం నిలబడొచ్చు" అన్నాడు డాక్టరు, నాడి చూస్తూ. "చూపు సంగతి చెప్పలేను. గంటగంటకీ పొయ్యాలి."

కానిస్టేబులు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "సార్, ఈవిడ కూడా తాగిందండి. ఇద్దరి మీదా రాయాలాండి?"

డాక్టరు నోరు విప్పేలోపే, "రాసుకో అన్నా" అంది రత్తాలు. "నన్ను పట్టుకెళ్ళేలోగా రెండో గ్లాసు మాత్రం పొయ్యనీ." గొంతు గట్టిగానే వచ్చింది. ఖాళీ గ్లాసు డాక్టరు చేతికిచ్చింది.