ఎంగిలి జామపళ్ళు

రక్తం తక్కువగా ఉందని ఆరోగ్య కేంద్రంలో నర్సు సూర్యకళ చెప్పింది. మాత్రలిచ్చి, చీటీ మీద ఒక మాట రాసి, "చదువుకోగలరా అండి?" అంది. చదివాను. రోజుకొక పండు. జామపండయితే మరీ మంచిదట.

ఆ చీటీని గోడ మీది క్యాలెండరు పక్కన అంటించాను. తిన్న రోజు గడిలో 'పండు' అని రాద్దామనుకున్నాను. పదకొండు రోజులయింది. రెండు గడుల్లోనే రాశాను.

కొనక కాదు. నిడదవోలు స్టేషను దగ్గర బండి మీద నాలుగేసి జామపళ్ళు కొంటూనే ఉన్నాను. ఇల్లు చేరేలోపు ముగ్గురు అడుగుతారు, "ఎవరికి బాలేదండి?" అని. చేతిలో పళ్ళ సంచీ ఉందంటే ఎవరో మంచాన పడ్డట్టే. నాకేనంటే నవ్వుతారు.

కోడలు వినీలా అంతే. ఫ్రిజ్‌లో పళ్ళు కనబడితే చాలు, ఎవరింట్లో జ్వరం ఉందో గుర్తొస్తుంది. మొదటి సంచీ పక్కింటి దీవెన వాళ్ళమ్మకు పోయింది. రెండోది పాస్టరు గారు ప్రార్థనకొస్తే పళ్ళెంలోకెక్కింది.

"నన్ను తినమంది కదమ్మా నర్సు" అంటే, "మళ్ళీ తెచ్చుకుందురుగాని అత్తయ్య గారూ, ఉత్త చేతులతో ఎలా వెళ్తాం?" అంటుంది.

నిన్న మూడో సంచీ. వీధి చివర జయపాల్ గారు ఆసుపత్రి నుంచి వచ్చారని, అది పట్టుకుని నన్నూ రమ్మంది. ఆయన మంచం పక్కన బల్ల నిండా పళ్ళే. అరటిపళ్ళు నల్లబడి చీమలు పట్టాయి. ఆయన భార్య రూతు మా సంచీ అందుకుని వాటి మీదే పెట్టింది.

"తింటున్నారా అండి?" అన్నాను.

"ఎక్కడండి. కిడ్నీలు బాలేవు కదా, పళ్ళు ముట్టుకోవద్దన్నారు. తెచ్చినవాళ్ళని వద్దంటే ఏమనుకుంటారోనని తీసుకుంటున్నాను."

"వాసన మాత్రం బాగుందండి" అన్నారు జయపాల్ గారు.

తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. దారంతా వినీల ఆయన చిక్కిపోయారని బాధపడుతూనే ఉంది. మా మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగి నేను గోడ పట్టుకున్నాను. వినీల అది చూడలేదు.

ఈ రోజు పొద్దున్నే మళ్ళీ నాలుగు కొన్నాను. కడిగి, వంటగదిలో నిలబడే ఒకటి పూర్తిగా తిన్నాను. క్యాలెండరు గడిలో రాశాను. మిగతా మూడింటినీ ఒక్కో గాటు కొరికి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎంగిలి పండు ఎవరి చేతిలో పెడుతుందో చూద్దామని.

మధ్యాహ్నం వినీల ఫోనులో ఎవరితోనో, "ఇంట్లో జామపళ్ళున్నాయిలే, పట్టుకొస్తాను" అంటూ ఫ్రిజ్ తెరిచింది. సంచీ విప్పి ఆగిపోయింది.

"అత్తయ్య గారూ, వీటిని ఎలుక కొరికిందా ఏంటి?"

"ఫ్రిజ్‌లోకి ఎలుక ఎలా వస్తుందమ్మా?"

"మరి ఈ పళ్ళగాట్లు?"

"పళ్ళు నావే" అన్నాను.