శనివారం కాకర

సుభద్ర కాకరతీగ సింగపూర్‌లో పాసిర్ రిస్ ఫ్లాట్లలో తొమ్మిదో అంతస్తు పిట్టగోడ పొడుగునా పాకి, పక్కింటివాళ్ళ చెప్పుల బీరువా దాకా వెళ్ళింది. ఎవరూ కిక్కురుమనలేదు. లివరు బాగున్నవాళ్ళకి ఆ కాయ చేదుగా ఉంటుంది, పాడవుతున్నవాళ్ళకి తియ్యగా ఉంటుంది. లిఫ్టు ఆరో అంతస్తులో ఆగి ఆగి కదులుతుందన్న సంగతి లాగే ఇదీ ఆ బ్లాకులో అందరికీ తెలిసిందే. మెడికల్ టెస్టులు ఉన్నవాళ్ళు ముందురోజు వచ్చి ఒక కాయ అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు.

ఇంట్లో మాత్రం శనివారం పొద్దున్నే, కాఫీ కంటే ముందు, ఒక పచ్చిముక్క పళ్ళెంలోకి వచ్చేది. అది సుభద్ర మొగుడు మధుసూదనరావుకి.

అతను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్తాడు. శుక్రవారం సాయంత్రాలు క్లయింట్లతో కూర్చోవాలి. కూర్చుంటే గ్లాసు పట్టుకోవాలి, పట్టుకుంటే ఒకటితో ఆగదు. సుభద్ర మొదట్లో ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చింది.

"ముక్క చేదుగా ఉన్నన్నాళ్ళూ నేను నోరెత్తను. తియ్యగా తగిలిన రోజు మీరు గ్లాసు దించాలి. సరేనా?"

"సరే" అన్నాడు. అప్పుడు నిజంగానే అన్నాడు.

ఆమె మాట మీద నిలబడింది. శనివారం పొద్దున అతని మొహం చిట్లడం చూసి, హమ్మయ్య అనుకుని, వారమంతా గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయేది. గుడికెళ్ళినా, ఎవరింటికి భోజనానికెళ్ళినా, "మా ఆయన తాగుతారు కానీ లివరు మాత్రం గట్టిది" అని చెప్పుకునేది.

అలాంటి ఒక శనివారం ముక్క మగ్గిన సపోటాలా తియ్యగా తగిలింది. సుభద్ర ఎదురుగా నిలబడి చూస్తోంది. ఆ వచ్చే శుక్రవారం పెద్ద క్లయింటు ఉన్నాడు. మధుసూదనరావు కళ్ళు మూసుకుని మొహం చిట్లించాడు. ఈ ఒక్కవారమే అనుకున్నాడు. మరుసటి వారం ఇంకా బాగా చిట్లించాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పదకొండు నెలలు గడిపాడు.

అప్పుడు కాళ్ళు వాచి బూట్లు బిగుతయ్యాయి. లిఫ్టు అద్దంలో కళ్ళు పచ్చగా కనిపించాయి. భయం పుట్టింది. ఎవరికీ చెప్పకుండా మానేశాడు. మూడు శుక్రవారాలు నిమ్మరసం ముందు పెట్టుకుని కూర్చున్నాడు, టీమంతా నవ్వినా సరే.

నాలుగో శనివారం ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చేదు! నాలుక, గొంతు, చెవుల దాకా పాకే చేదు. మూడు వారాలకే దేవుడు కనికరించాడనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సుభద్రా! మళ్ళీ చేదొచ్చింది! మళ్ళీ వచ్చింది!"

డికాక్షన్ వంచుతున్న సుభద్ర చెయ్యి ఆగిపోయింది. పదిహేనేళ్ళ కూతురు కీర్తిక ఫోన్లోంచి తలెత్తింది. "నాన్నా, మళ్ళీ అంటే? బిఫోర్ లేదా?"

అతను నవ్వు సగంలో మింగేశాడు.

"అది మన తీగది కాదండీ" అంది సుభద్ర నెమ్మదిగా. "ఆఖరి కాయ నిన్న పక్కింటి హరిదాస్ అంకుల్ పట్టుకెళ్ళారు, టాక్సీ లైసెన్సుకి మెడికల్ ఉందిట. మీకు శనివారం తప్పకూడదని మార్కెట్లో కొనుక్కొచ్చాను. ఇది ఎవరు తిన్నా చేదే."

అతను పళ్ళెం పక్కకి జరిపాడు.

"ఎన్నాళ్ళ నుంచి తియ్యగా ఉంది?" అంది సుభద్ర.

"పదకొండు నెలలు."

"అంటే నలభై ఎనిమిది శనివారాలు. నా ఎదురుగా నిలబడి నలభై ఎనిమిదిసార్లు మొహం చిట్లించారు. నేను నమ్మి నిద్రపోయాను."

"సో డ్రామా లా, నాన్నా" అంది కీర్తిక, స్కూల్లో మాట్లాడే సింగపూర్ ఇంగ్లీషులో. ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు, ఏడుపుంది.

ఒక్క ఏడాది ముందొచ్చుంటే మందులతో సరిపోయేదన్నాడు డాక్టరు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉప్పు మానేశాడు, వేళకి మందులు మింగాడు, గ్లాసు మొహం చూడలేదు. ఏడు నెలలు గడిచినా పొట్టలో నీరు చేరడం ఆగలేదు. లివరు మార్చాలన్నారు. పోయినవాళ్ళ లివరు కోసం వేచి చూసే సమయం లేదు, ఇంట్లోవాళ్ళెవరైనా తమ లివరులో కొంత ఇస్తే చాలన్నారు. కీర్తిక చిన్నది. సుభద్ర తీగ కాయ కొరికి చూసుకుంది. ఎప్పటిలాగే చేదుగా ఉంది. రక్తం గ్రూపు కూడా కలిసింది.

ఇచ్చేవాళ్ళని ఆసుపత్రి కమిటీ విడిగా కూర్చోబెట్టి అడుగుతుంది. గదిలోంచి ఆమె బయటికొచ్చేదాకా మధుసూదనరావు చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏమడిగారు?"

"ఎవరైనా బలవంతం చేశారా అని."

"నువ్వేమన్నావు?"

"అడిగే మొహం ఆయనకెక్కడిది, నేనే ఇస్తున్నానన్నాను. పిల్లకి తండ్రి కావాలన్నాను. కోపం పోయిందని మాత్రం రాసుకోవద్దన్నాను."

ఆపరేషన్ అయ్యాక సుభద్ర కూతురి గదిలోకి మారింది. కడుపు మీద కుట్టు మానింది, వంట మొదలుపెట్టింది, తీగకి నీళ్ళు పోసింది. అతనితో మందుల వేళలు తప్ప మరో మాట లేదు.

నాలుగు నెలలకి, ఒక శనివారం పొద్దున, కాఫీకి ముందు పళ్ళెం వచ్చింది. తీగ మీంచి అతని కళ్ళ ముందే తెంపిన కాయ. మధుసూదనరావు ముక్క కొరికాడు. చేదు దవడల దాకా పాకింది.

"చేదుగా ఉంది, సుభద్రా. నిజంగా."

ఆమె అతని మొహంకేసి చూడలేదు.

"ఉంటుంది. నోరు మీదైనా లివరు నాది."

ఆమె చెంబు తీసుకుని తీగ దగ్గరికి వెళ్ళింది. అతను ముక్కంతా నమిలి మింగాడు. ఈసారి మొహం చిట్లించడానికి అతనికి ధైర్యం చాలలేదు.