తీసిపెట్టే పళ్లు

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు పళ్లు తీసి నీళ్ల కప్పులో వేసి, గోడవైపు తిరిగి పడుకుంటుంది. కాసేపటికి కప్పులో పళ్లు మాట్లాడతాయి. ఆ పూట ఆవిడ పైకి అనకుండా మింగేసినవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి.

"కూరలో ఉప్పు లేదు. పక్కింటావిడ కొత్త కళ్లజోడు బాగుంది, చెప్పలేదు. మోకాలు సలుపుతోంది."

కోడలు కుట్టుమిషను తొక్కుతూ వినేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కూడా ఇన్ని మింగుతుందా అని నవ్వుకునేది. తన పళ్లు ఉన్నన్నాళ్లూ.

దారం పంటితో తెంపడం ఆమెకు అలవాటు. కిందటి నెల కూతురు నడుపుతున్న స్కూటరు మలుపులో జారింది. ఇద్దరూ పడ్డారు. కూతురికి మోచెయ్యి గీసుకుంది. తల్లికి ముందరి మూడు పళ్లు పోయాయి.

ఆ రోజు నుంచి పిల్ల బండి ముట్టలేదు. ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి ల్యాబుకి తెచ్చే ఉద్యోగం వచ్చింది దానికి. బండి లేనిదే ఆ పని అవదు. ఈ వారంలో ఏదో ఒక మాట చెప్పాలి. రానని చెప్పేస్తానంటోంది. తల్లి ఏదో అనబోతుంది. నోరు తెరిస్తే ఆ ఖాళీ కనబడుతుంది. పిల్ల తల తిప్పేసుకుంటుంది.

పళ్ల డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది.

"ఎముకలో స్క్రూ వేసి బిగిస్తే గట్టిగా ఉంటాయమ్మా, కానీ నెలలు పడుతుంది. బ్రిడ్జి తొందరగా అవుతుంది, అయితే పక్కనున్న మంచి పళ్లని అరగదీయాలి. తీసి పెట్టుకునేవైతే రెండ్రోజుల్లో ఇస్తాను."

"వాటితో దారం తెంపొచ్చా?"

"వద్దు. కత్తెర వాడండి. ఇంకోటి, అవి మాట్లాడతాయి. తెలుసుగా?"

"మా అత్తగారికి ఉన్నాయి."

"అయితే చెప్పక్కర్లేదు."

ఆమె భయం అదే. రోడ్డు మీద పడ్డప్పుడు తన లోపల ఏం లేచిందో తనకే సరిగా తెలియదు. అది కప్పులోంచి పిల్ల చెవిన పడితే?

"స్క్రూలే వేయించుకుంటానత్తయ్యా."

"ఏం, నా పళ్లు నిన్ను తిట్టాయనా?"

"తిట్టాయిగా."

"మెచ్చుకున్నాయి కూడా. నీ మిషను చప్పుడులో వినపడి ఉండదు." అత్తగారు కాళ్లు చాపుకుంది. "నువ్వు నెలలు ఆగినా ఆ ఉద్యోగం ఆగదు. నీ నోటితో చెప్పలేకపోతున్నావు. చెప్పేవాటినే తెచ్చుకో."

తెచ్చుకుంది. మధ్యాహ్నం కప్పులో వేసి కళ్లు మూసుకుంది. కూతురు కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుతోంది.

కొత్త పళ్లు కదా, ముందు కాస్త తడబడ్డాయి.

"చిగుళ్లు నొప్పి." తర్వాత స్పష్టంగానే అన్నాయి. "ఆ మలుపులో మెల్లగా తిప్పాల్సింది. కోపమొచ్చింది."

కూతురి చెయ్యి ఆగిపోయింది. తల్లి చటుక్కున లేచి కప్పు మూయబోయింది. అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"ఉండవే. పూర్తికానీ."

"దానివైపు చూశాను," అన్నాయి పళ్లు. "లేచి నిలబడింది. రెండు కాళ్లూ ఉన్నాయి, రెండు చేతులూ ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. కోపం అక్కడే పోయింది. ఇప్పుడు భయమొక్కటే. మళ్లీ బండెక్కదేమో. నా పళ్ల గురించి నోటి దగ్గరి కూడు వదులుకుంటుందేమో."

అంతే. నీళ్లు కదలడం మానేశాయి.

"ఇన్నాళ్లూ నన్ను తిట్టుకుంటున్నావనుకున్నానమ్మా."

"తిట్టుకున్నాను," అంది తల్లి బోసినోటితోనే. "ఆ ఒక్క క్షణం."

ఈసారి పిల్ల తల తిప్పుకోలేదు. ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత ఫోను తీసింది.

"సోమవారం వస్తానండి."

ఫోను పెట్టేసి స్కూటరు తాళాలు వెతుక్కుంది. "బ్రేకులు చూపించాలి. వస్తావా?"

తల్లి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లి వెనక కూర్చుంది.

"పళ్లు మర్చిపోయావే," అంది అత్తగారు గుమ్మంలోంచి. ఇద్దరూ వినిపించుకోలేదు.

మలుపు దగ్గర పిల్ల బాగా నెమ్మదించింది. నడిచేవాళ్లు దాటిపోయారు. బండి మలుపు తిరిగింది, అయినా అదే నడక.

"ఇలా పోతే సీసాలో రక్తం దారిలోనే గడ్డకడుతుందే," అంది తల్లి.

పిల్ల కాస్త వేగం పెంచింది.