బొటనవేలి దగ్గర తోలుముక్క

"వదిలేసి పోయిన మనిషికి గోడ మీద చోటెందుకే?" అంది అమ్మ. పొద్దుట్నుంచి ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

"నానమ్మా, ఆవిడ లేకపోతే తాతయ్య లేడు, నాన్న లేడు, నేనూ లేను. నువ్వెవరింటికి కోడలిగా వెళ్ళేదానివి?" అంది మనవరాలు.

"ఇంతకంటే మంచి ఇంటికే వెళ్ళేదాన్ని."

కింద బూట్ల దుకాణం, పైన వాళ్ళ ఇల్లు. దుకాణం పెట్టిన పెద్దాయన, అంటే మనవరాలి తాతకు తాత, మొదలుకొని వంశవృక్షం గీయించి కొట్టు గోడకు తగిలించాలని బూట్లక్క తమ్ముడి సరదా. గీసింది అతని కూతురే. పెద్దాయన పక్కన భార్య పేరు రాయాలా వద్దా అన్నచోట బండి ఆగిపోయింది. కొడుకు పనిలోకి వచ్చిన ఏడాదే ఆవిడ ఇల్లు వదిలి రేవు ఊరికి పోయిందనీ, మళ్ళీ మొగుడి మొహం చూడలేదనీ ఇంట్లో చెప్పుకునే మాట. పిల్ల ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాల నకళ్ళు తెచ్చింది. పెళ్ళి కాగితం మీద ఆవిడ సంతకం చేతకాక మూడాకుల కొమ్మ గీసింది. చాలా ఏళ్ళ తర్వాతి మరణ కాగితం రేవు ఊరిదే. కాగితాలు కూడా నానమ్మ పక్షమే వహించాయి.

తమ్ముడికి అక్క, పిల్లకు మేనత్త, వీధిలో అందరికీ బూట్లక్క. ఆమె ఒక్కతే ఈ గొడవలో నోరు విప్పలేదు. "వదిలేసి పోయిన" అన్నప్పుడల్లా ఆ మాట పెద్దావిడని దాటుకుని వచ్చి తన ఒళ్ళో పడుతోంది. మొగుడికి దూరపు ఊళ్ళో ఉద్యోగమైతే, కొట్టు వదిలి రానంది తను. "రావాలనిపించినప్పుడు రా," అన్నాడాయన. "పిలిస్తే వస్తాను," అంది తను. ఆయన పిలవలేదు, తను వెళ్ళలేదు. పంతం ఎప్పుడు అలవాటైపోయిందో తెలియలేదు.

మధ్యాహ్నం తమ్ముడు అటక మీది పాత కొయ్య అచ్చులు దింపాడు. మనిషి పాదంలా చెక్కిన ఆ దిమ్మల మీదే తోలు బిగించి బూట్లు కుడతారు.

"అంటించిన తోలుముక్కలన్నీ గీకేసి వార్నిష్ వెయ్యక్కా. పటం చుట్టూ పేరిస్తే కొట్టుకి కళొస్తుంది."

కత్తి తీసుకుని కూర్చుంది. కాసేపటికి చేతికొచ్చిన అచ్చు చిన్నది, ఆడమనిషిది. మడమ మీద పెళ్ళినాటి సంవత్సరం, పక్కనే కాల్చి వేసిన మూడాకుల కొమ్మ. చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కినట్టు కొయ్యలోనే చెక్కి ఉంది. బొటనవేలి మొదట్లో మాత్రం తోలు. కత్తిమొన ఆనించి ఆగిపోయింది. ఒకటి కాదు, పొర మీద పొర. అడుగువి నల్లబడి కొయ్యలో కలిసిపోయాయి, పైది ఇంకా గోధుమరంగులోనే ఉంది. వయసు మీదపడేకొద్దీ అక్కడ ఎముక పొడుచుకొస్తుంది. వచ్చినంత మేర అచ్చుకి తోలు అంటిస్తారు. అమ్మ అచ్చుకి తనూ అంటించింది. పాదం చేతిలోకి తీసుకోకుండా ఆ పని ఎవరి తరమూ కాదు.

"తమ్ముడూ, ఇలా రా."

తమ్ముడు వేలితో తడిమి చూశాడు. "ఇంకెవరికో వాడి ఉంటాడక్కా."

"ఈ వంకర చిటికెనవేలు ఇంకెవరికి సరిపోతుందిరా?"

అతను అమ్మ అచ్చు తెచ్చి పక్కన పెట్టాడు. "నిజమే. ఇది ముసలి కాలు. అమ్మ కాలంత ముసలిది. ఇల్లు వదిలిన నాటి కాలు కాదు."

"నా కాళ్ళ జోలికి రాకండి," అంది అమ్మ. అంటూనే ఆ అచ్చు అందుకుని తన పాదం పక్కన పెట్టుకుంది. "అయితే ఆయన వెళ్ళేవాడన్నమాట."

"ఆవిడే వచ్చేదేమో, నానమ్మా."

"ఎవరొస్తేనేం! కన్నకొడుక్కైనా చెప్పలేదు చూడు, దొంగమొహాలు."

తర్వాత పేరు రాయమని ఎవరూ అనలేదు. పిల్ల రాసేసింది.

బూట్లక్క ఆ అచ్చు జోలికి పోలేదు. తన బల్ల కింద గుడ్డలో చుట్టిన మొగుడి అచ్చుల జత ఒకటుంది. అప్పుడప్పుడూ నూనె రాసి మళ్ళీ చుట్టేస్తుంది. ఇప్పుడు విప్పింది. ఎక్కడా ఒక్క తోలుముక్క లేకుండా, ఆయన ఈ గుమ్మం దాటిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, నున్నగా. ఆ పాదం ఇప్పుడెలా ఉందో. ఎవరో కుట్టిన బూట్లు ఎక్కడ కరుస్తున్నాయో. బొటనవేలి మొదట్లో వేలుంచి, చాలాసేపు తీయలేదు.

భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక, మంచినీళ్ళు పోస్తూ మామూలుగా అంది.

"రేపు కొట్టు నువ్వు తెరుచుకో, తమ్ముడూ. నేను మీ బావగారి దగ్గరికి వెళ్తున్నాను."

అమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది. "పిలిచారా?"

"లేదమ్మా. కొలత తీసుకోవాలి."